గచ్చు కింద గిన్నె

మా నాన్న నన్ను 'మీరు' అనడం మొదలుపెట్టింది ఆ ఏడాది ఫిబ్రవరిలో, తవ్వకం మొదటిరోజు పొద్దున్న. ఆరుగురు పనివాళ్ళ ముందు, చేతిలో దారపుండ పట్టుకుని, మా మాయా భాష వదిలేసి స్పానిష్‌లో, "దారం ఏ మూల నుంచి కట్టమంటారు, డాక్టర్ గారూ?" అని అడిగాడు. పెద్ద డాక్టరమ్మ ఏమైనా వచ్చిందేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ డాక్టర్ గారు నేనే.

మా ఊరు ష్‌కాన్‌హా. ఊరి నుంచి అడవిలోకి అరగంట నడిస్తే పాత ఊరి రాళ్ళగుట్టలు. నాన్న, ఎలుతేరియో కవిచ్, ముప్ఫై ఏళ్ళుగా అక్కడ తవ్వకాలకి మేస్త్రీ. మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపి అది ఏ పొరదో చెప్పేస్తాడు. నేను మెరిదా యూనివర్సిటీలో తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఏడాదికో ఒప్పందం మీద. ఆ జూన్‌లో నన్ను ఖాయం చేయాలా, ఇంటికి పంపాలా తేల్చే కమిటీ కూర్చోబోతోంది. వాళ్ళకి చూపించడానికి నా దగ్గరున్న అసలు సరుకు ఒక మట్టిగిన్నె.

అరచేతిలో పట్టేంత గిన్నె అది. లోపల కాస్త బొగ్గు. ఇరవై ఏడేళ్ళ కిందట నాన్నే తీశాడు. ఇల్లు కట్టేముందు మా పూర్వులు నేలకి ఏదో ఒకటి ఇచ్చుకుని, దాని మీద సున్నపు గచ్చు పోసేవాళ్ళు. గిన్నె గచ్చు కింద దొరికింది కాబట్టి బొగ్గు వయసే గచ్చు వయసు, గచ్చు వయసే ఇంటి వయసు. ఆ లెక్కన మా ప్రాంతంలో అంత పాత ఇల్లు మరొకటి లేదు. ఆ తవ్వకం నడిపిన కెనడా ఆవిడ, రోవీనా హాలెట్, ఊళ్ళో అందరూ పెద్ద డాక్టరమ్మ అనేది ఆమెనే, ఆ ఇంటితో పేరు తెచ్చుకుంది. ఆమె చేతికింద చదువుకున్న నేను ఆ ఇంటి మీదే పుస్తకం రాశాను. గిట్టనివాళ్ళు కొందరు 'ఒక్క గిన్నెని నమ్ముకుని ఇంత కథా' అంటూ ఉంటే ఒళ్ళు మండి, పాత గుంత పక్కనే కొత్త గుంత తవ్వి అదే గచ్చు, దాని కింద అదే వరస చూపించి వాళ్ళ నోరు మూయిద్దామని వచ్చాను. వానలు పడేలోగా పని అయిపోవాలి.

తవ్వే చోట నేలని అడక్కుండా పార వెయ్యం. నాన్న నాలుగు మూలలా సొరకాయ చిప్పల్లో మొక్కజొన్న గంజి పెట్టి, కంటికి కనబడని నేల సొంతదార్లకి వినబడేలా మెల్లగా మాట్లాడతాడు. చిన్నప్పుడు ఆ చిప్పలు పట్టుకునేది నేనే. ఆ రోజు చెయ్యి చాచాను. మా మేనమామ చానో అప్పటికే చిప్పలు పట్టుకుని నిలబడ్డాడు. "మీకెందుకు ఈ శ్రమ, అలా నీడలో ఉండండి," అన్నాడు నాన్న.

"ఎండకి నల్లబడిపోతే మెరిదాలో రానివ్వరేమో," అన్నాడు చానో మామ మాయాలో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు నవ్వు రాలేదు.

మొదటివారం నాన్న ఇంట్లోనే వల ఉయ్యాల కట్టుకుని పడుకున్నాను. సాయంత్రాలు పనివాళ్ళు మా వాకిట్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ వారం ఒక్కరూ రాలేదు. దార్లో పోతూ టోపీ తీసి, "డాక్టర్ గారికి నమస్కారం," అని పోయేవాళ్ళు. నాన్న గుమ్మంలో కూర్చుని వీధివైపే చూసేవాడు. శనివారం నా సామాను తవ్వకం వాళ్ళ రేకుల షెడ్డుకి మార్చేశాను. ఆదివారం సాయంత్రానికి వాకిలి నిండిపోయిందని తర్వాత విన్నాను.

షెడ్డులో పొడుగాటి బల్ల ఒకటి ఉండేది. వెనకటి రోజుల్లో ఆ బల్ల చుట్టూ పన్నెండుమంది విదేశీయులు కూర్చుని తినేవాళ్ళు. ఆ ఏడాది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం పనివాళ్ళు చెట్టుకింద గుండ్రంగా కూర్చుని మొక్కజొన్న ముద్ద నీళ్ళలో పిసుక్కుని, మిరపకాయ కొరుక్కుంటూ తాగేవాళ్ళు. ఒకరోజు నా చిప్ప పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. జరిగి చోటిచ్చారు. మాటలు మాత్రం ఆగిపోయాయి. మర్నాటి నుంచి మళ్ళీ బల్ల దగ్గరే తిన్నాను. నా భాషలో జోకులు నాకు ఇరవై గజాల దూరం నుంచి వినిపించేవి. మెరిదాలో ఒంటరిగా ఉండటం నాకు అలవాటే. సొంత ఊళ్ళో అలా ఉండాల్సి వస్తుందని ఎవరూ ముందుగా చెప్పలేదు.

*

ఏప్రిల్‌లో చుట్టూ పొలాలు తగలబెట్టే రోజులు. ఆకాశమంతా పొగ, కళ్ళు మంట. గచ్చు తగిలింది. తెల్లగా, గట్టిగా, బెత్తెడు మందాన ఉంది. దాన్ని ఒకచోట కోసి కిందికి వెళ్తే శుభ్రమైన ఎర్రమట్టి, ఎవరూ ముట్టనిది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక పాత గుంత అంచు తెరిచి రెండింటినీ కలిపి పటం గీస్తే చాలు. పాత గుంత అడుగున పెద్ద డాక్టరమ్మ ఆనవాలుగా పెట్టిన నాణెం కూడా దొరికింది, ఇరవై ఏడేళ్ళ కిందటి సంవత్సరంతో.

పాత గుంత గోడని తాపీతో చెక్కుతున్న చానో మామ చెయ్యి ఆపాడు.

"ఇక్కడ ఆగాలి, డాక్టరమ్మా," అన్నాడు. "గచ్చు పగిలింది. ఇదంతా యానల్ లూమ్."

నేను గుంతలోకి దిగాను. అతను చెప్పింది నిజం. తెల్లటి గచ్చు అక్కడ తెగిపోయింది. తెగిన చోట పైనుంచి కిందిదాకా నల్లమట్టి, పెంకులు, గులకరాళ్ళు. ఎప్పుడో ఎవరో గచ్చుని పగలగొట్టి గొయ్యి తీసి, ఎక్కడిదో మట్టి తెచ్చి పూడ్చేశారు. పాత పటం తెచ్చి కొలిచాను. గిన్నె దొరికిన చోటు మూల నుంచి రెండు మూరలు. అది సరిగ్గా నల్లమట్టిలో పడింది.

కానీ నన్ను ఆపేసింది పటం కాదు, మామ అన్న మాట. మా భాషలో లూమ్ అంటే మట్టి, నేల. యానల్ అనే మాట మొదట్లో గొంతు పైకి లేపి పలికితే 'కింద'. దించి పలికితే 'వేరే'. లేపితే కింద, దించితే వేరే. మా భాష మాతోనే ఎకసెక్కాలాడుతుంది. మామ దించి పలికాడు. వేరే మట్టి. అదే మాట, అదే గుంత దగ్గర, నాకు పదకొండేళ్ళప్పుడు విన్నాను.

ఆ రోజు నాన్నకి గంజి పట్టుకెళ్ళాను. వాన ముంచుకొస్తోంది. గుంత గోడ కూలేలా ఉందని నాన్న గిన్నెని బయటికి తీసేశాడు. పెద్ద డాక్టరమ్మ షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చింది. నాన్నకి అప్పుడు స్పానిష్ రాదు, ఆమెకి మాయా రాదు, దుబాసీ ఆ రోజు జ్వరంతో పడుకున్నాడు. బళ్ళో మాయా మాట్లాడితే మాస్టారు అరచేతుల మీద కొట్టి మరీ నేర్పిన స్పానిష్ నాది. ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఎక్కడ దొరికిందో మీ నాన్నని అడుగు," అంది. అడిగాను. నాన్న చెయ్యి ఊపుతూ యానల్ లూమ్ అన్నాడు. నేను నోరు తెరిచేలోగానే ఆమె, "కిందేనా? గచ్చు కిందేనా?" అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. నేను, "కిందే," అన్నాను.

నేను తప్పు విన్నానా, ఆమెకి కావలసింది చెప్పానా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. ఎన్నోసార్లు ఆ క్షణాన్ని తవ్వి చూశాను. ఆమె మొహం తప్ప మరేమీ దొరకలేదు. మర్నాటికి వానకి గోడ కూలి బురదైపోయింది. చూసుకోవడానికి నా మాట ఒక్కటే మిగిలింది. 'ఈ పిల్లకి ఈ పని రాసిపెట్టి ఉంది' అని ఆమె అందరితో అని, ఆ ఏడాదే నన్ను మెరిదాలో బడిలో చేర్పించింది. నా చదువు, నా డాక్టరేటు, నా పుస్తకం, అన్నీ ఆ ఒక్క 'కిందే' మీద కట్టినవే.

"ఏమైందమ్మా, గీస్తావా, ఇంకా చెక్కమంటావా?" అని అడుగుతున్నాడు మామ.

"ఎండ ఎక్కువైంది. రేపు చూద్దాం," అన్నాను. గుంత మీద పరదా నేనే కప్పాను.

*

ఆదివారం నాన్న ఇంటికి వెళ్ళాను. పెరట్లో తేనెటీగల దుంగల దగ్గర ఉన్నాడు. మా తేనెటీగలు కుట్టవు, బోలు దుంగల్లో ఉంటాయి. తేనె తీశాక దుంగ మూతికి బంకమట్టి మెత్తాలి. ఆ పనిలో ఉన్నాడు. ఇంటి దగ్గర కాబట్టి మాయాలో, "రావే నిదె, ఆ నీళ్ళిలా అందుకో," అన్నాడు. నీళ్ళ చెంబు అందించాను. నా పూర్తిపేరు నిదెల్వియా. నిదె అనేవాళ్ళు ఈ భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు.

"నాన్నా, ఆ గిన్నె ఎక్కడ దొరికింది?"

ఆయన మట్టి పిసుకుతూనే ఉన్నాడు. "పుస్తకం రాసిందానివి నువ్వు. నన్నడుగుతావేంటి?"

"తీసినవాడివి నువ్వు కదా."

"ఇప్పుడు గుర్తొచ్చిందా?" అని, కాసేపాగి, "నల్లమట్టిలో. గచ్చు పగిలిన చోట. ఆవిడ అడిగితే వేరే మట్టని చెప్పా. నువ్వు ఆవిడకి చెప్పావు."

"నేను కింద అని చెప్పాను."

"నువ్వేం చెప్పావో నాకేం తెలుసు? ఆవిడ నవ్వింది, నీ బుగ్గలు పుణికింది. మా పిల్ల బాగానే చెప్పిందనుకున్నా."

"తర్వాతైనా తెలియలేదా?"

"మూడేళ్ళకి తెలిసింది. బడి గోడకి పెద్ద బొమ్మ అంటించారు. తెల్లటి గచ్చు, దాని కింద గిన్నె. చదవడం రాకపోయినా బొమ్మ తెలుస్తుంది కదా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? నువ్వు మెరిదాలో ఉన్నావు. సెలవులకొస్తే బట్టల సంచి కంటే పుస్తకాల సంచి పెద్దది. ఆవిడకి చెప్పేంత స్పానిష్ నాకు వచ్చేసరికి నువ్వు ఆవిడ మనిషివైపోయావు." దుంగ మూతికి మట్టి మెత్తి బొటనవేలితో అంచులు నొక్కాడు. "అయినా ఎవరూ మళ్ళీ అడగలేదే. ఆవిడ అడగలేదు. ఆవిడ తర్వాతొచ్చినవాళ్ళు అడగలేదు. నువ్వూ అడగలేదు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ ఇంటి మీద రాసిన ప్రతి కాగితం నేను చదివాను, వాటిలో సగం నేనే రాశాను. గిన్నెని చేత్తో తీసినవాడు మా ఇంట్లోనే, నా ఎదురుగా కూర్చుని రొట్టె తినేవాడు. ఆయన్ని అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ఇది బయటపడితే నా ఉద్యోగం రాదు, నాన్నా."

"ఊఁ."

"గుంత పూడ్చేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు."

నాన్న చేతులు కడుక్కున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. "నేను ఇరవై నాలుగేళ్ళు ఊరుకున్నా. ఊరుకోవడం కష్టమేం కాదు," అన్నాడు. "తేనె పట్టుకెళ్తావా? ఈసారి తక్కువే వచ్చింది."

*

మూడువారాలు ఊరుకున్నాను. ఆయన చెప్పినంత తేలికగా లేదు. గుంత మీద పరదా కప్పే ఉంచి, పనివాళ్ళని అవతలి గుట్ట మీదికి పంపాను. నాన్న "అలాగే, డాక్టర్ గారూ," అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఒక్కదాన్నే షెడ్డులో కూర్చుని పెంకుల మీద నంబర్లు వేసేదాన్ని. ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. మెరిదాలో స్నేహితులనుకున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ తలుచుకున్నాను. వాళ్ళలో సగంమంది ఆ ఉద్యోగానికే అర్జీ పెట్టుకున్నారు.

మే నెలాఖరులో పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఏడాదికోసారి వచ్చి చూసి వెళ్తుంది. డెబ్భై తొమ్మిదేళ్ళు, చేతికర్ర, తలకి గుడ్డ. నన్ను గట్టిగా కావలించుకుని, "ఏదీ, నా ఇల్లు చూపించు," అంది. పనివాళ్ళు ఆమెని చూడటానికి గుంత చుట్టూ చేరారు. వాళ్ళు వెళ్ళిపోయాక చెబుదామనుకున్నాను. అది పిరికితనమని అప్పుడే తెలుసు. వాళ్ళ ముందే పరదా తీశాను.

ఆమె కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. తెల్లగచ్చు వెంట చూపు నడిపించుకుంటూ తెగినచోటికి వచ్చి ఆగింది. కర్రతో నల్లమట్టిని తాకింది.

"గిన్నె ఎక్కడ?"

"అందులోనే," అన్నాను. "గచ్చు కింద లేదు."

"కిందే అని నువ్వేగా చెప్పావు."

నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమె చుట్టూ చూసి, "ఎలుతేరియో ఎక్కడ?" అంది.

నాన్న ముందుకొచ్చాడు. ఆమె స్పానిష్‌లోనే, ఆగి ఆగి, "ఎలుతేరియో, ఆ గిన్నె ఎక్కడ దొరికింది?" అని అడిగింది. నాన్నకి ఇప్పుడు స్పానిష్ బాగా వచ్చు. ఇరవై ఏళ్ళుగా అందులోనే పని చెబుతున్నాడు, అందులోనే తిడతాడు. అయినా ఆయన మాయాలో మాట్లాడాడు. గొంతు దించి, యానల్ లూమ్ అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. పనివాళ్ళందరూ చూస్తుండగా, "చెప్పు, నిదె," అన్నాడు.

నాకు పదకొండేళ్ళు కావు, ముప్ఫై ఎనిమిది. ఈసారి ఆమె మొహంలోకి చూడలేదు, నాన్న చేతివైపు చూశాను. ఆ చెయ్యి కిందికి కాదు, పక్కకి చూపిస్తోంది. అప్పుడూ అలాగే చూపించి ఉంటుంది.

"వేరే మట్టిలో దొరికిందంటున్నాడు," అన్నాను. "ఎక్కడినుంచో తెచ్చి పోసిన మట్టి. ఇంటికీ దానికీ సంబంధం లేదు. అప్పుడూ ఆయన ఇదే చెప్పాడు. నేను తప్పు చెప్పాను."

చానో మామ బకెట్ తెచ్చి బోర్లించాడు. ఆమె దాని మీద కూర్చుని నీళ్ళడిగింది. తాగి, "అప్పుడు నేను 'కిందేనా' అన్నాను కదూ," అంది.

"అన్నారు."

"అలా అడగకూడదు. మొదటి ఏడాది పిల్లలకి నేర్పే సంగతి అది." కొంచెం నవ్వింది. "నాకు ఎనభై నిండబోతున్నాయి, నిదెల్వియా. ఇంకో రెండేళ్ళు ఆగి బయటపెట్టొచ్చుగా." తర్వాత లేచి నాన్న దగ్గరికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. కారెక్కేముందు నాతో, "రాసెయ్," అంది, అంతే. ఆ తర్వాత ఆమె ష్‌కాన్‌హాకి రాలేదు.

కమిటీకి ఉత్తరం రాశాను. పుస్తకంలో మూడో అధ్యాయం తప్పని, ఆ ఇంటి వయసు తెలియదని. నా నిజాయితీని మెచ్చుకుంటూ చక్కటి జవాబు వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు తికుల్‌లో హైస్కూలు పిల్లలకి చరిత్ర చెబుతున్నాను, ఎండాకాలం ఎవరైనా పిలిస్తే వెళ్ళి వాళ్ళ గుంతలకి పటాలు గీసిపెడతాను. బాధ లేదని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఫిబ్రవరి వస్తే చేతులు ఊరికే ఉండవు.

ఆ సీజన్ ఆఖరిరోజు గుంతలు పూడ్చాం. పడమట మబ్బు కడుతోంది. పూడ్చేముందు షెడ్డులో కూర్చుని గిన్నె వివరాలు రాసిన పాత కార్డు బయటికి తీశాను. 'గచ్చు కింద, ఒక పనివాడి మాట ప్రకారం' అని ఉంది అందులో. ఆ వాక్యం కొట్టేశాను. దాని కింద, 'గచ్చుని పగలగొట్టిన గోతిలో, వేరే మట్టిలో. చెప్పినవారు ఎలుతేరియో కవిచ్, ఆనాడూ ఈనాడూ,' అని రాసి సంతకం పెట్టాను. ఆ ఏటి నాణెం ఒకటి గుంత అడుగున వేశాను.

నాన్న పార పట్టుకుని అంచు మీద నిలబడ్డాడు. మళ్ళీ మామూలే, స్పానిష్, మళ్ళీ ఆ మర్యాద. "ముందు ఏ మట్టి పోయమంటారు, డాక్టర్ గారూ?"

"యానల్ లూమ్," అన్నాను మాయాలో.

చానో మామ పకపకా నవ్వాడు. "నేల కిందదెక్కడ తెచ్చేది బావా? మీ అమ్మాయి నోరు మెరిదా వాళ్ళ నోరైపోయింది."

నాన్న నవ్వలేదు. పార నేలకి ఆనించి, తల కాస్త పక్కకి వాల్చి నావైపు చూశాడు.

"దించి పలకాలే, నిదె," అన్నాడు. "దించి."

దించి పలికాను. మొదటి చినుకులు గచ్చు మీద పడుతున్నాయి. ఆయన ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాడు.

"ఊహూఁ," అన్నాడు. "ఇంకోసారి."